తాగనివారికి సెల్లార్లలో ఏం పని?

ప్రశ్న: పోర్చుగల్‌లో మా అబ్బాయి పోర్టో వైన్ సెల్లార్లు, అంటే ఆ వైన్‌ను పీపాల్లో నిల్వ ఉంచే గిడ్డంగులు, చూపిస్తానంటున్నాడు. మేమిద్దరం మద్యం ముట్టం. డబ్బు దండగ కాదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కాదమ్మా, వెళ్లండి. నేనూ చుక్క ముట్టను, అయినా ఆ పీపాల మధ్య నుంచి బయటికి రాబుద్ధి కాలేదు. సెల్లార్లు ఎక్కువగా ఉన్నది పోర్టో నగరానికి ఎదురుగా, డౌరో నది ఆవలి ఒడ్డున, విలా నోవా ద గాయా అనే ఊళ్లో. 1886 నాటి రెండంతస్తుల ఇనుప వంతెన మీద నడిచే వెళ్లవచ్చు. పై అంతస్తు నుంచి పోర్టో బాగా కనిపిస్తుంది కానీ, మోకాళ్ల నొప్పులుంటే కింది అంతస్తే మేలు, నేరుగా ఒడ్డుకే చేరుస్తుంది.

ద్రాక్ష పండేది ఎగువ కొండల్లో. ఆ ప్రాంతానికి 1756లోనే హద్దులు గీశారు. రసం పులుస్తుండగా మధ్యలో ద్రాక్ష సారాయి పోసి పులియడం ఆపేస్తారు, తీపి అందుకే మిగులుతుంది. చిన్న పీపాల్లో ఏళ్ల తరబడి ఉంటే గాలి తగిలి ఎరుపు కాస్తా తేనె రంగుకు తిరుగుతుంది. పెద్ద తొట్టెల్లోది ఎర్రగానే నిలుస్తుంది. ఈ రెండూ పక్కపక్కన చూపించమని గైడును తప్పక అడగండి, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. లోపల చల్లగా ఉంటుంది, శాలువా మరవకండి. టికెట్టుతో సాధారణంగా రుచి చూడటానికి గ్లాసులిస్తారు. మీ వంతు కూడా అబ్బాయికే ఇస్తారా? ఆ సంగతి మీ ఇంటి వ్యవహారం.