మత్తయి 19 తెరిచే ముందు

జడ్చర్ల

ప్రియమైన తమ్ముడికి, ప్రభువు నామంలో వందనాలు.

ఆదివారం ఆరాధన అయ్యాక, దెబ్బలు తిని పుట్టింటికి చేరిన ఆమెది, ఆమె భర్తది పంచాయితీ నీ ముందుకు వస్తుందని రాశావు. మత్తయి సువార్త 19వ అధ్యాయంలోని "దేవుడు జతపరచినవారిని మనుష్యుడు వేరుపరచకూడదు" అన్న మాట చదివి, ఆమెను అతనితో పంపేస్తే సరిపోతుందా అని అడిగావు. సరిపోదు. ఆ వాక్యాన్ని ఎన్నో పెళ్లిళ్లలో సంతోషంగా చదివాను. కానీ అది ఏ ప్రశ్నకు జవాబో చూడకుండా ఎవరికీ వినిపించకు.

"ఏ హేతువుచేతనైనను" భార్యను విడనాడవచ్చా అని పరిసయ్యులు, అంటే ధర్మశాస్త్ర నిష్ఠ గల యూదులు, యేసును అడిగారు. భార్యను పంపేసేవాడు పరిత్యాగ పత్రిక, అంటే విడాకుల కాగితం, రాసివ్వడం గురించి చెప్పే ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం మీద యూదు బోధకుల్లో పెద్ద తగవే ఉండేది. షమ్మాయి వర్గం శీలం తప్పితేనే అంది. హిల్లేలు వర్గం వంట పాడుచేసినా చాలంది. పరిత్యాగ పత్రిక రాసేది మగవాడు, వీధిన పడేది ఆడది. "మీ హృదయకాఠిన్యమునుబట్టి" అని యేసు గద్దించింది ఆ పంపేసేవాళ్లను. దెబ్బలు తిని పుట్టింటికి చేరిన ఆడపిల్లను కాదు.

మన పాలమూరులో బొంబాయికి వలస వెళ్లి అక్కడే మరో సంసారం పెట్టుకున్నవాళ్లు నీకూ తెలుసు. భార్యను విడనాడి మరొకతెను పెళ్లాడేవాడు వ్యభిచరిస్తున్నాడనే లూకా 16:18 సూటిగా తగిలేది వాళ్లకే. వాళ్లకు ఆ వచనం చదివి వినిపించిన సంఘ పెద్దను నేను ఇంతవరకు చూడలేదు.

నా తప్పు కూడా చెబుతాను. పరిచర్య మొదలుపెట్టిన కొత్తలో ఒక చెల్లెలికి ఇదే అధ్యాయం చదివి, ప్రార్థన చేసి, భర్త వెంట పంపించాను. రెండు నెలలకు చేయి విరిగి వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి మలాకీ 2:16 పూర్తిగా చదివాను. విడనాడడం అసహ్యమన్న దేవుడు, అదే వచనంలో బలాత్కారం కూడా అసహ్యమన్నాడు. ఆ రెండో సగం నేను ఏనాడూ ప్రసంగించలేదు.

మొదటి కొరింథీ 7:10-11 చూడు. భార్య ఎడబాయకూడదంటూనే, ఎడబాసినట్లయితే పెళ్లి చేసుకోకుండా ఉండాలి లేదా భర్తతో సమాధానపడాలి అంటాడు పౌలు. అంటే ఎడబాటు వేరు, విడాకులు వేరు. ఎంత కఠినంగా చదివేవాడైనా, ప్రాణభయం ఉన్న మనిషిని కొంతకాలం తల్లి ఇంట్లో ఉండనివ్వాలి.

మళ్లీ పెళ్లి సంగతిలో తొందరపడి తీర్పు చెప్పకు. వ్యభిచారం అనే మినహాయింపు మత్తయిలో ఉంది, మార్కు, లూకాల్లో లేదు. అందుకే సంఘాలు ఒక్క మాట మీద లేవు. కోర్టు దారి అడిగితే దాచకు. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టాన్ని 2001లో సవరించి, క్రూరత్వం ఒక్కటే ఉన్నా భార్య విడాకులు కోరవచ్చన్నారు.

అందరి మధ్య ఆమెను నిలబెట్టి క్షమించమని అడగకు. అత్తమామలు పక్కన కూర్చుంటే ఆమె నోరు విప్పదు. శనివారమే మీ పాస్టరమ్మను ఆమె పుట్టింటికి పంపు, ఒంటరిగా మాట్లాడనివ్వు. భర్త ఇంటికి వెళ్లడానికి భయమేస్తోందా అన్నది మొదట అడగమను. అవునంటే ఆదివారం పంచాయితీ పెట్టకు, నాకు ఫోను చెయ్యి.

నీ అన్న