401(కె) అప్పుతో క్యాంపర్: ఉద్యోగం ఉన్నంతవరకే ఆ లెక్క

ప్రశ్న: మేము డాలస్ శివార్లలో ఉంటున్నాం. నాకు 38 ఏళ్లు, హెచ్-1బి వర్క్ వీసా మీద పనిచేస్తున్నాను. గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ ఆమోదం పొందింది, కార్డు ఎప్పుడొస్తుందో తెలియదు. నా భార్య హెచ్-4 ఈఏడీ (పని అనుమతి పత్రం) రెన్యువల్ కోసం ఎదురుచూస్తూ ప్రస్తుతం ఇంట్లోనే ఉంది. పిల్లలకు 9, 5 ఏళ్లు. పన్నులు పోను నెలకు 7,800 డాలర్లు చేతికొస్తాయి. ఇంటి వాయిదా, కారు, గుంటూరులో అమ్మానాన్నలకు పంపేది అన్నీ కలిపి ఖర్చు 6,400. రెండేళ్ల కిందట ఇల్లు కొనడంతో పొదుపు కరిగిపోయి బ్యాంకులో 9,000 మిగిలాయి. కంపెనీ ద్వారా ఉన్న రిటైర్మెంట్ ఖాతా 401(కె)లో 64,000 ఉన్నాయి, క్రెడిట్ కార్డు బాకీ 4,200. ఏడడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవున్న కార్గో ట్రైలర్ కొని, మా హైలాండర్ హైబ్రిడ్ కారు లాగగలిగేలా తేలికైన క్యాంపర్‌గా, అంటే లోపలే పడుకుని వండుకునే బండిగా మార్చుకోవాలని ఉంది. రాత్రిపూట క్యాంపులో టాయిలెట్ దాకా నడవాలంటే చిన్నపాపకు భయం, అందుకే బాత్‌రూమ్ లోపలే కావాలి. మొత్తం అంచనా 18,000. ఇందులో 15,000 నా 401(కె) నుంచి అప్పు తీసుకుంటాను, మిగతాది 15 నెలలు సున్నా వడ్డీ ఇచ్చే కొత్త కార్డు మీద పెడతాను. నా డబ్బే, వడ్డీ కూడా నాకే వస్తుంది కాబట్టి నష్టం లేదనుకుంటున్నాను. మీరేమంటారు?

జవాబు: వద్దు. ఈ అప్పు చేయకండి. మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఆ చివరి వాక్యమే. ‘నా డబ్బే, వడ్డీ నాకే’ అన్న మాట అమెరికాలోని మన కుటుంబాల నుంచి తరచూ వింటున్నాను. కొందరు క్యాంపర్ కోసం అంటారు, కొందరు ఇంటి వెనుక ఈతకొలను కోసం, కొందరు ఊళ్లో స్థలం కోసం. ఆ లెక్క కాగితం మీద సరిపోతుంది, కానీ ఉద్యోగం ఉన్నంతవరకే.

ఉద్యోగం పోయిన రోజు ఏమవుతుందో చూద్దాం. హెచ్-1బి వారికి గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. దేశంలో ఉండే గడువు చూపే ఐ-94 పత్రం అంతకన్నా ముందే ముగిస్తే ఆ తేదీ వరకే. ఐ-140 ఆమోదం పొందినంత మాత్రాన ఈ గడువు పెరగదు. హోదా మార్చుకోవడానికి వేరే దారులేమైనా ఉన్నాయేమో లాయరును అడగవచ్చు, కానీ జీతం మాత్రం ఆగిపోతుంది. నిరుద్యోగ భృతి కూడా మన వీసాల వారికి దక్కడం కష్టం. కంపెనీ ఆరోగ్య బీమాను కోబ్రా అనే చట్టం కింద కొనసాగించాలంటే ప్రీమియం మొత్తం మీరే కట్టాలి, దాని మీద 2% వరకు అదనం. కుటుంబానికి అది నెలకు 2,000 డాలర్లు దాటడం మామూలే. ఇప్పటి 6,400 ఖర్చుకు అది కలిస్తే మీ 9,000 డాలర్లు ఎన్నాళ్లు వస్తాయి? రెండో నెల ఇంటి వాయిదా నాటికి ఖాతా ఖాళీ అవుతుంది.

సరిగ్గా అప్పుడే 401(కె) అప్పు మెడకు చుట్టుకుంటుంది. 8.5% వడ్డీతో అయిదేళ్లకు తీసుకున్నారనుకుందాం. నెలకు 308 డాలర్లు మీ జీతంలోంచే కోసుకుంటారు. ఏడాది తిరిగేసరికి ఇంకా 12,500 బాకీ ఉంటుంది. ఉద్యోగం పోతే చాలా ప్లాన్లు ఆ మొత్తాన్ని మీ ఖాతాలోంచి మినహాయించుకుంటాయి. ఆ ఏడాది పన్ను రిటర్ను గడువులోపు అంత సొమ్మును మీరు ఎక్కడి నుంచైనా తెచ్చి ఐఆర్‌ఏలోనో (సొంతంగా తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతా) కొత్త కంపెనీ ప్లాన్‌లోనో జమ చేయాలి. చేయలేకపోతే అది మీరు తీసేసుకున్న సొమ్ము కిందకు వస్తుంది. ఆదాయపు పన్ను కట్టాలి, మీ వయసుకు పైన 10% జరిమానా, అంటే మరో 1,250 డాలర్లు. జీతం లేని సమయంలో ఈ బిల్లు వస్తుంది. మీకు వస్తుందనుకున్న వడ్డీ దీని ముందు ఏపాటిది?

అందుకే అత్యవసర నిధి గురించి ఇంత గట్టిగా చెబుతాను. హెచ్-1బి మీద ఒకే జీతంతో, ఇంటి రుణంతో, ఇద్దరు పిల్లలతో ఉన్న కుటుంబానికి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. బాగా కుదించి నెలకు 5,000 అనుకున్నా అది 30,000 డాలర్లు. దానిలోనే హైదరాబాద్‌కు నాలుగు టికెట్ల డబ్బు కూడా ఉందని అనుకోండి. నాన్నకు ఒంట్లో బాగాలేదని ఫోన్ వస్తే టికెట్ ధర చూసి ఆలోచించే పరిస్థితి మీకు రాకూడదు. ఈ డబ్బు షేర్లలో కాదు, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే పొదుపు ఖాతాలో ఉండాలి.

మీకు నెలకు 1,400 మిగులుతోంది. మొదటి మూడు నెలల మిగులుతో కార్డు బాకీ తీర్చేయండి. పాత బాకీ ఉండగా కొత్త కార్డు తీయడం నాకు అస్సలు నచ్చలేదు. సున్నా వడ్డీ గడువు ముగిసిన మర్నాడు ఆ కార్డు కూడా పాతదానిలాగే వడ్డీ పిండుతుంది. ఆ తర్వాత ప్రతి నెలా 1,400 పక్కన పెడితే 15 నెలల్లో 21,000, ఉన్న 9,000తో కలిపి 30,000. అంటే మొత్తం ఏడాదిన్నర. మీ భార్యకు ఈఏడీ వచ్చి ఉద్యోగం దొరికితే ఇంకా ముందే.

ఇక మీ అంచనా విషయం. 18,000లో ముగుస్తుందని నాకు నమ్మకం లేదు. అసలు చిక్కు బరువులో ఉంది. హైలాండర్ హైబ్రిడ్ లాగగలిగేది 3,500 పౌండ్లు. మీరు చెప్పిన కొలతల్లో రెండు ఇరుసుల కార్గో ట్రైలర్ ఖాళీగానే 2,000 పౌండ్లకు పైన తూగుతుంది. 2,200 అనుకుంటే మీకు మిగిలేది 1,300. అందులోనే గోడల ఫోమ్, ప్లైవుడ్, నాలుగు పడకలు, బ్యాటరీలు, ఏసీ, మీ సామాను అన్నీ పట్టాలి. ఆపైన బాత్‌రూమ్: షవర్ తొట్టి, టాయిలెట్, పంపు, వాటర్ హీటర్, మంచినీళ్లకు ఒక ట్యాంకు, వాడిన నీళ్లకు మరొకటి. గ్యాలన్ నీళ్లు 8.34 పౌండ్లు. 30 గ్యాలన్లు నింపితే ఒక్క నీళ్లే 250 పౌండ్లు. ట్రైలర్ ఇరుసులు మోస్తాయి, మీ కారు లాగలేదు. అప్పుడేం చేస్తారో నాకు తెలుసు. పెద్ద బండి కోసం మరో రుణం. పైగా మీ లెక్కలో ట్రైలర్‌ను కారుకు తగిలించే హిచ్, దాని బ్రేకులను నడిపే కంట్రోలర్, బీమా కనిపించలేదు. మీ కాలనీ సంఘం ఇంటి ముందు ట్రైలర్ నిలపనివ్వకపోతే ప్రతి నెలా స్టోరేజీ అద్దె కూడా.

బీమా గురించి ఒక మాట ఆగి చెప్పాలి. కారు పాలసీ మామూలుగా, ట్రైలర్ లాగుతున్నప్పుడు ఎదుటివారికి జరిగే నష్టానికి వర్తిస్తుంది. ట్రైలర్‌కు, అందులో మీరు వేల డాలర్లు పోసి చేసిన పనికి కాదు. ఇంట్లో తయారుచేసిన క్యాంపర్‌కు పాలసీ ఇవ్వడానికి చాలా కంపెనీలు వెనకాడతాయి. కొనడానికి ముందే ఏజెంటు దగ్గర లిఖితపూర్వకంగా సమాధానం తీసుకోండి. అంతకన్నా ముఖ్యం, మీ ప్రాణానికి బీమా. ఉత్తరంలో టర్మ్ పాలసీ ఊసే లేదు. కంపెనీ ఇచ్చే గ్రూప్ కవర్ మీద ఆధారపడితే అది ఉద్యోగంతోపాటే పోతుంది. ఆరోగ్యంగా ఉన్న 38 ఏళ్ల మనిషికి 5 లక్షల డాలర్ల ఇరవయ్యేళ్ల పాలసీ సుమారుగా నెలకు 30-40 డాలర్లకు దొరుకుతుంది. ఈ నెలలోనే తీసుకోండి, నిధి పూర్తయ్యేదాకా ఆగవద్దు.

బాత్‌రూమ్ ఉంటే క్యాంపర్ రెండో ఇల్లు అవుతుంది, వడ్డీ మీద పన్ను మినహాయింపు వస్తుందని మీకు ఎవరైనా చెప్పవచ్చు. పడుకోవడానికి, వండుకోవడానికి వసతులు, టాయిలెట్ ఉంటే రెండో ఇల్లు కాగలదన్నది నిజమే. కానీ ఆ క్యాంపర్‌నే తనఖా పెట్టి తీసుకున్న రుణానికే అది వర్తిస్తుంది. 401(కె) అప్పుకు, కార్డు బాకీకి కాదు. అలాగే వారాంతాల్లో అద్దెకిచ్చి వాయిదా కట్టుకోవచ్చన్న సలహా వస్తే వినవద్దు. హెచ్-1బి మీద సొంత అద్దె వ్యాపారం నడపడం మీ హోదాకే ముప్పు. ఇంటి మీద రుణం అంటారా, టెక్సాస్‌లో అప్పులన్నీ కలిపి ఇంటి విలువలో 80% దాటకూడదు. కొని రెండేళ్లే అయింది కాబట్టి మీకు ఆ వీలు ఉండకపోవచ్చు, నాకైతే అది ఊరట.

పాప భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. అయిదేళ్ల పిల్లను అర్ధరాత్రి టార్చి పట్టుకుని నడిపించడం తల్లిదండ్రులకూ కష్టమే. దానికి 18,000 అక్కర్లేదు. క్యాంపింగ్ దుకాణాల్లో దొరికే పోర్టబుల్ టాయిలెట్, దాని చుట్టూ నిలిపే చిన్న గుడారం రెండూ కలిపి 200 డాలర్లలోపు వస్తాయి. టెక్సాస్ స్టేట్ పార్కుల్లో చాలాచోట్ల స్నానాల గదులున్నాయి, కొన్నింటిలో క్యాబిన్లూ ఉన్నాయి. మీకు దగ్గర్లోనే సీడర్ హిల్ ఉంది. ఒకటి రెండుసార్లు క్యాంపర్ అద్దెకు తీసుకుని వెళ్లి చూడండి. నలుగురూ ఆ ఇరుకులో సుఖంగా ఉన్నారో లేదో, బాత్‌రూమ్ ఎంత వాడారో తెలుస్తుంది. 30,000 నిండాక అదే 1,400 పక్కన పెడుతూ పోతే ఏడాదికి కాస్త పైనే పట్టినా ట్రైలర్ డబ్బు సమకూరుతుంది, అప్పుడు రొక్కం పెట్టి కొనండి.

401(కె) రుణానికి ఇప్పటికే దరఖాస్తు చేసి ఉంటే, డబ్బు ఖాతాలో పడకముందే రద్దు చేయమని ప్లాన్ నిర్వాహకులకు ఈరోజే ఫోన్ చేయండి. పడిపోయి ఉంటే ఖర్చు పెట్టకండి. గడువుకు ముందే మొత్తం తిరిగి కట్టే వీలు చాలా ప్లాన్లలో ఉంటుంది. మీ దానిలో ఉందో లేదో అదే ఫోన్‌లో అడగండి.