సోడాబుడ్డి అంటే ఏమిటమ్మా?

సందేహం: మాది అనంతపురం. న్యూజెర్సీకి వచ్చి అయిదు నెలలైంది. మా ఏడేళ్ల బాబుకు స్కూల్లో కళ్లు చూసి, డాక్టరుకు చూపించమని చీటీ పంపారు. అద్దాలు వచ్చాయి. వాడు ససేమిరా పెట్టుకోనంటున్నాడు. బస్సెక్కగానే తీసి బ్యాగులో పడేస్తున్నాడట. తిట్టలేక, ఊరుకోలేక టెన్షన్‌గా ఉంది.

జవాబు: మాదీ అనంతపురమేనమ్మా, కమలానగర్. ఇక్కడికొచ్చి పదిహేడేళ్లు. మా చిన్నోడికి ఆరో ఏటే అద్దాలొచ్చాయి. వాటిని షూలో దాచిన రోజులు కూడా ఉన్నాయి.

ముందు డాక్టరిచ్చిన పవర్ చీటీ తీసి చూడండి, మీవాడిది ప్లస్సా, మైనస్సా? మైనస్ పిల్లలకు దూరం మసక. అద్దాలు పెట్టగానే బోర్డు మీది అక్షరాలు, చెట్టు మీది ఆకులు విడివిడిగా కనిపిస్తాయి కాబట్టి చాలామంది వాళ్లంతట వాళ్లే వెతుక్కుని పెట్టుకుంటారు. ప్లస్ పిల్లల కథ వేరు. అద్దాల్లేకుండానే కంటిని బిగబట్టి చూసేస్తుంటారు. ఆ బిగువు ఒక్కరోజులో వదలదు. అందుకే కొత్తలో అద్దాలతోనే మసకగా ఉంటుంది. ‘ఇవి పెడితేనే కనపడట్లేదు’ అని వాడంటే అది అబద్ధం కాకపోవచ్చు. వారం, రెండు వారాలు చూసి, అప్పటికీ అదే మాటంటే డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లండి.

ఒక కంటికి పవర్ బాగా ఎక్కువుండి రెండోది బాగుంటే ఇంకో చిక్కు. మంచి కన్నే పనంతా నడిపించేస్తుంది, రెండోది మూలన పడుతుంది. దాన్నే లేజీ ఐ అంటారు. పిల్లాడికేమో తేడానే తెలియదు, అన్నీ కనిపిస్తూనే ఉంటాయి. ఇది చిన్నతనంలో సరిచేసినంత తేలిగ్గా పెద్దయ్యాక సరికాదు. మావాడిది ఇదే. నాకు అర్థంకాక మూడు నెలలు మొండి వెధవ అని తిట్టాను. ఆ తిట్లు ఇప్పటికీ గుర్తుచేస్తాడు.

తర్వాత ఫ్రేము. పెరిగే పిల్లాడు కదా అని యూనిఫాం ఒక సైజు పెద్దది కుట్టించే బుద్ధి మనది. నేను కళ్లజోడూ అట్లాగే కొన్నాను. తల వంచితే చాలు, ముక్కు కొసకు జారేది. కంటిపాప అద్దం మధ్యకు రావాలి, వాడు పైనుంచి చూస్తున్నాడంటే జారుతున్నట్టే. చెవి వెనక, ముక్కు పక్కన కందిందేమో చూడండి. కొన్న షాపుకు తీసుకెళ్తే బిగించి ఇస్తారు, సాధారణంగా డబ్బు తీసుకోరు. ముక్కు చప్పిడిగా ఉండే పిల్లలకు మెత్తటి ప్యాడ్లున్న ఫ్రేము నయం. అద్దం మాత్రం పాలీకార్బనేటే అడగండి, బంతి తగిలినా అంత సులభంగా పగలదు.

వీటన్నిటికంటే పెద్ద తలనొప్పి వీడియో కాల్. మా అమ్మ అటునుంచి, “అయ్యో, నా బంగారు కొండకు ఇంత చిన్న వయసులో సైటు ఎట్ల వచ్చెనే! ఆ ఫోన్ చూసీ చూసీ...” అని మొదలుపెట్టేది. వాడికి తెలుగు సగమే అర్థమయ్యేది గానీ ఆ ముఖం పూర్తిగా అర్థమయ్యేది. తనకేదో రోగమొచ్చిందనుకున్నాడు. పొన్నగంటాకు పెట్టు, క్యారెట్ పెట్టు అని రోజూ ఒకటే పోరు. పెట్టండి, మంచిదే. విటమిన్ ఎ తక్కువై వచ్చే రేచీకటికి అవి పనికొస్తాయి గానీ సైటును పోగొట్టవు. అద్దాలు పెడితే పవర్ పెరుగుతుందన్న మాటా నిజం కాదు.

ఇది అమెరికా జబ్బేమీ కాదని మా అమ్మకు నచ్చజెప్పడానికి ఊరి మాటే ఎత్తుకున్నాను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉచిత కంటి పరీక్షల పథకం కంటి వెలుగును 2019 అక్టోబరు 10న మన అనంతపురంలోనే మొదలుపెట్టారు కదా, మొదట చూసింది బడిపిల్లల కళ్లనే కదా అన్నాను. తర్వాత ఒక షరతు పెట్టాను: కాల్ చేసినప్పుడు నువ్వూ అద్దాలు పెట్టుకొనే కూర్చో, వాడి అద్దాల మాటెత్తొద్దు. నాలుగో రోజు వాడే, “అవ్వా, నీ పవరెంత?” అని అడిగాడు. రెండు అంది. “నాది నాలుగు!” అని గెలిచినవాడిలా అరిచాడు.

ఆ ఎండాకాలం ఊరికి వెళ్తే, పెళ్లిలో మా అన్న కొడుకు వాడిని “ఒరేయ్ సోడాబుడ్డీ” అన్నాడు. నా గుండె జారింది. వాడు మాత్రం ఏడవలేదు. సోడాబుడ్డి అంటే ఏమిటమ్మా అని నన్నడిగాడు! మా నాన్న వెంటనే తీసుకెళ్లి గోలీసోడా ఇప్పించాడు. వాడు ఖాళీ సీసాను కంటికి పెట్టుకుని బజారంతా చూశాడు, లోపలి గోలీ తీసివ్వమని షాపతనితో గొడవ. నేను ముందుగా ఎవరినీ హెచ్చరించకపోవడమే మేలైంది.

కాగితాల సంగతి. చాలా ఆఫీసుల్లో మెడికల్ ఇన్సూరెన్సు వేరు, కంటి పరీక్షకు, అద్దాలకు ఉండే విజన్ ప్లాన్ వేరు. మీవారు ఉద్యోగంలో చేరినప్పుడు అది ఎంచుకున్నారో లేదో కనుక్కోండి. పరీక్ష కాగానే ప్రిస్క్రిప్షన్ కాపీ ఇవ్వడం ఇక్కడ చట్టం. అద్దాలు అక్కడే కొననక్కర్లేదు, కాపీకి విడిగా డబ్బు కట్టక్కర్లేదు. రెండు కంటిపాపల మధ్య దూరం, పీడీ అంటారు, అందులో చాలాసార్లు రాయరు. అడిగి రాయించుకోండి.

ఆ కాపీ పట్టుకుని అనంతపురంలో రెండో జత చేయించాం. ఇక్కడి ధరతో పోలిస్తే చవక. ఫ్రేము వాడినే ఏరుకోమన్నాం. చిలకపచ్చది తీశాడు. నాకు నచ్చలేదు, మా అమ్మకు అసలే నచ్చలేదు. ఏడాదంతా అదే పెట్టుకున్నాడు.