టర్బైన్ డిస్క్ కేవిటీలో లెక్కకు అందని పీక్: సెన్సర్ చెడిందా, గాలే ఊగుతోందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. టెస్ట్ రిగ్‌లో తిరిగే టర్బైన్ డిస్క్‌కీ, ఎదురుగా ఉన్న కదలని గోడకీ మధ్య ఖాళీలో ప్రెజర్ సెన్సర్ పెట్టారు. దాని గ్రాఫులో బ్లేడ్ల ఫ్రీక్వెన్సీ (సెకనుకి ఎన్ని బ్లేడ్లు దాటిపోతాయో ఆ సంఖ్య) దగ్గర పీక్ వచ్చింది, అది రావాల్సిందే. దానికి కింద ఇంకో పీక్ కూడా ఉంది, రోటర్ స్పీడుతో భాగిస్తే పూర్ణసంఖ్య రావట్లేదు, స్టెడీ సీఎఫ్‌డీలో (ప్రవాహం కాలంతో మారదనుకుని కంప్యూటర్లో వేసే లెక్కలో) దాని జాడే లేదు.

నిజమైన పీకే అయ్యుండొచ్చు. కానీ ముందు సెన్సర్‌ని కేవిటీతో కలిపే ట్యూబుని అనుమానించండి. ఈ మాట మూడు వారాలు పోగొట్టుకున్నాక చెప్తున్నాను.

మా రిగ్ మామూలు గది గాలితో నడిచేది. 16 వేన్లు (బ్లేడ్ల ముందు కదలకుండా ఉండి గ్యాస్‌ని మళ్లించే రెక్కలు), 32 బ్లేడ్లు, 3000 ఆర్‌పీఎం, అంటే సెకనుకి 50 చుట్లు, బ్లేడ్ల పీక్ 1600 హెర్ట్జ్ దగ్గర. అది కాక 290 దగ్గర ఒకటి, 920 దగ్గర ఒకటి కనిపించాయి. 290ది బాగా పెద్దది కాబట్టి సహజంగానే దాని వెంట పడ్డాం, నేనైతే ఒక మీటింగులో దానికి పేరు కూడా పెట్టేశాను. మా టెక్నీషియన్ ఒకాయన గ్రాఫు చూసి "స్పీడు తగ్గించినా ఇది కదలట్లేదేంటి? ఆ గొట్టం పొడవెంత?" అని స్కేలు తెచ్చి కొలిచాడు. గోడలో చోటు లేక సెన్సర్‌ని బయటపెట్టి సన్నటి ట్యూబుతో కలిపాం, 30 సెంటీమీటర్లు. ఒక కొస తెరిచి, ఒక కొస మూసి ఉన్న గొట్టం ధ్వని వేగాన్ని పొడవుకి నాలుగు రెట్లతో భాగిస్తే వచ్చే ఫ్రీక్వెన్సీ దగ్గర మోగుతుంది: 347ని 1.2తో భాగిస్తే 289. ట్యూబు సగానికి కోస్తే పీక్ 580 దగ్గరికి గెంతింది. ఇక మాట్లాడటానికేముంది! (వేడి ఇంజిన్‌లో ఈ లెక్క ఇంత శుభ్రంగా రాదు, 600 కెల్విన్ దగ్గర ధ్వని వేగం దాదాపు 490 మీటర్లు, పైగా ట్యూబు పొడవునా వేడి ఒకేలా ఉండదు.)

920ది మాత్రం అసలైనది. స్పీడు 2400కి దించితే 736కి వచ్చింది, అంటే స్పీడుతోపాటే నడుస్తోంది. వేన్ల నుంచి వచ్చే గ్యాస్ ఒక వేగంతో తిరుగుతుంటుంది, డిస్క్ పక్కన కేవిటీలో గాలి ఇంకో వేగంతో తిరుగుతుంటుంది. ఈ రెండూ రిమ్ సీల్ సందు (డిస్క్ అంచుకీ, కదలని గోడకీ మధ్య ఉండే సన్నటి సందు) దగ్గర ఒరుసుకుంటాయి, నీటి మీద గాలి వీస్తే అలలు లేచినట్టు అక్కడ అలలు లేస్తాయి. అవి అంచు చుట్టూ వరసగా ఏర్పడి, డిస్క్ కంటే కాస్త నెమ్మదిగా తిరుగుతాయి. అందుకే మీకు పూర్ణసంఖ్య రావట్లేదు, వాటికి డిస్క్ చుట్ల లెక్కతో పనిలేదు.

ఎన్ని అలలో తేల్చడానికి రెండు సెన్సర్లు కావాలి. మేం ఇక్కడా ఒకసారి బోల్తా పడ్డాం. వాటిని 10 డిగ్రీల ఎడంతో పెట్టాం, ఫేజ్ (రెండు సెన్సర్ల సిగ్నళ్ల మధ్య ముందు వెనకల తేడా, డిగ్రీల్లో) మైనస్ 160 వచ్చింది, దాన్ని ఎడంతో భాగిస్తే 16 అలలు వెనక్కి, అదీ డిస్క్ కంటే వేగంగా, సెకనుకి 57.5 చుట్లు! ఎవరం నమ్మలేదు. అసలు ఫేజ్ 200, అనలైజర్ దాన్ని 180 లోపలికి మడిచి చూపించింది. 4 డిగ్రీల దూరంలో మూడో సెన్సర్ పెడితే ప్లస్ 80 వచ్చింది, దాంతో 20 అలలు, ముందుకి, సెకనుకి 46 చుట్లు అని తేలింది. ఇంకో సాక్ష్యం మొదటి నుంచీ గ్రాఫులోనే ఉంది, మేమే చూడలేదు: 874 దగ్గరా, 966 దగ్గరా చిన్న పీకులున్నాయి, అవి 19, 21 అలలవి. పక్కపక్క పీకుల మధ్య దూరమే అలలు తిరిగే వేగం. మీ గ్రాఫులో మొదట ఇదే వెతకండి, దీనికి రెండో సెన్సర్ కూడా అక్కర్లేదు.

సీఎఫ్‌డీ సంగతి: స్టెడీ రన్‌లో ఇది రాదు, రాలేదని కంగారు పడకండి. అన్‌స్టెడీ చేసినా సెక్టారు చిన్నదైతే మోసపోతారు. మేం ఒక వేను, రెండు బ్లేడ్లతో 22.5 డిగ్రీల ముక్క తీసుకున్నాం. అందులో 16 లేదా 32 అలలు పడతాయి తప్ప 20 పట్టవు కదా, లెక్కలో ముక్క రెండు పక్కలూ ఒకదానికొకటి అతికించి ఉన్నాయి మరి, అందుకే ముక్కలో పూర్తి అలలే పట్టాలి. 90 డిగ్రీల ముక్కలో 20 పడతాయి, కానీ 19, 21 పట్టవు. ఓపిక, కంప్యూటర్ రెండూ ఉంటే పూర్తి చుట్టు చేయడమే నయం.

ఇది ఒట్టి గ్రాఫు గొడవ కాదు. ఈ అలలు కూడా వేడి గ్యాస్‌ని లోపలికి లాక్కొస్తాయి, డిస్క్ అంచు కాలుతుంది. సీలింగ్ గాలి (వేడి గ్యాస్ లోపలికి రాకుండా కేవిటీలోకి పంపే గాలి) పెంచితే మా దగ్గర పీక్ మెల్లగా అణిగిపోయింది, కానీ ఇంజిన్‌లో ఆ గాలి కంప్రెసర్ నుంచి తీసుకునేదే కాబట్టి ఎంతంటే అంత పోయలేం.

ట్యూబు పొడవు, సెన్సర్ల మధ్య కోణం, రెండు వేర్వేరు స్పీడుల దగ్గర పీక్ ఎక్కడుందో ఇక్కడ రాయండి, లెక్క కలిసి వేద్దాం.