మాల తీసిన మరునాటి కోసం

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీర్వదించి వ్రాయునది.

మీ ఊరి పీఠంలో ఈ ఏడు నువ్వే గురుస్వామిగా కూర్చుంటున్నావని, అయ్యప్ప మాలకు పేరిచ్చిన వారిలో అయిదారుగురు తాగుడు మానుకోవాలనే ఆశతోనే వస్తున్నారని, వారిని ఎలా నడిపించాలో చెప్పమని అడుగుతూ నువ్వు రాసిన ఉత్తరం అందింది. చాలా ఏళ్ళుగా మాల వేస్తూ, వేయిస్తూ, అలాంటి వారి మధ్య మసలినవాడిని కాబట్టి, నాకు తెలిసినంత మేరకు, నేను చేసిన పొరపాటుతో సహా దాచకుండా రాస్తున్నాను.

మొదట ఒక సంగతి మనసులో పెట్టుకో. దీక్షలో ఉన్న నలభై ఒక్క రోజులూ మనిషి తాగకుండా ఉండడం పెద్ద విశేషం కాదు. తెల్లవారుజామున స్నానం, రెండు పూటలా పూజ, మధ్యాహ్నం భిక్ష, రాత్రి సన్నిధానంలో చాప మీద పడక, చుట్టూ తనలాంటి నల్లబట్టల వాళ్ళు ఉంటారు. నిన్నటిదాకా తాగుబోతని ఈసడించిన నోళ్ళే ‘స్వామీ’ అని పిలుస్తాయి. కన్నబిడ్డ కూడా స్వామీ అంటుంది. మెడలో మాల చూసి బెల్టు షాపు వాడు సైతం సీసా చేతికివ్వడు. అంటే ఆ మనిషి ఒక్కడే మానడం లేదు, ఊరంతా కలిసి మానిపిస్తోంది. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన రోజున ఆ పిలుపు, ఆ పడక, ఆ తోడు అన్నీ ఒక్కసారిగా పోతాయి. ఆ సాయంత్రమే వేటమాంసం, సీసాలు సిద్ధం చేసుకొని ఎదురుచూసే స్నేహితులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. కనుక నీ అసలు పని నలభై రెండో రోజున మొదలవుతుంది, దానికి ఏర్పాట్లు మాత్రం మాల వేయకముందే జరగాలి.

మాల వేయకముందు చేయవలసింది ఇంకొకటి ఉంది. అది నేను చేయకపోవడం వల్ల ఒక ప్రాణం మీదికి వచ్చింది. కొన్నేళ్ళ క్రితం ఒక తాపీ మేస్త్రి నా చేత మాల వేయించుకున్నాడు. పొద్దున పళ్ళు తోమకముందే క్వార్టర్ పడందే చెయ్యి నిలవని మనిషి. ముందురోజు రాత్రి దాకా తాగి, తెల్లవారి స్నానం చేసి వచ్చి మాల వేయించుకున్నాడు. ఆ సాయంత్రం హారతి పళ్ళెం అతని చేతికిస్తే కర్పూరం వెలుగుతున్న పళ్ళెం గడగడా వణికింది, అందరం భక్తి ఆవేశం అనుకున్నాం. మూడో రాత్రి లేచి కూర్చుని, చాప నిండా చీమలు పాకుతున్నాయంటూ అరచేతులతో దులపడం మొదలుపెట్టాడు. ఒళ్ళంతా చెమట, కళ్ళల్లో భయం. మావాళ్ళు పూనకం అన్నారు. నేనూ కాదనలేదు. గంట మోగించి, విభూతి పెట్టి, శరణుఘోష చెప్పించాను. తెల్లవారేసరికి ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఆటోలో జిల్లా ఆసుపత్రికి తీసుకువెళితే డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, ‘ఎన్ని రోజుల క్రితం మందు మానేశాడు?’ అని. బతికాడు. కానీ ఆ మూడు రాత్రులూ చూస్తూ కూడా నేను చూడలేకపోయానన్న బాధ ఇప్పటికీ నాలో ఉంది.

అందుచేత, నాయనా, రోజూ తాగేవాణ్ణి, ముఖ్యంగా లేవగానే తాగేవాణ్ణి, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాణ్ణి డాక్టరుకు చూపించకుండా మాల వేయవద్దు. ఆఖరుసారి తాగిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో వణుకు, చెమట, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనిపించడం, వినిపించడం జరగవచ్చు, దానికి వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. ఆసుపత్రిలో కొన్ని రోజులు ఉంచి మందులు, బీ1 విటమిన్ ఇచ్చి ఈ గండం దాటిస్తారు. తెలంగాణ వైపు మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటు పడినవారి పరిస్థితీ ఇంతే. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరకక హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఎంతమందిని మోసుకువచ్చారో అప్పటి పత్రికలు చదివిన వారికి గుర్తుంటుంది. కాబట్టి ముందు ఆసుపత్రి, తరువాతే మాల. మనిషి నీరసంగా ఉంటే వేడినీళ్ళ స్నానం చేయించు, రాత్రి కూడా అన్నం పెట్టు. నియమం సడలించావని ఎవరైనా అంటే ఆ మాట నా మీద వేసుకుంటానని చెప్పు. ఎవరిని అడగాలో తోచనప్పుడు మత్తు మాన్పించే జాతీయ సహాయ నంబరు 14446కు గాని, మానసిక ఆరోగ్యానికి సంబంధించిన టెలీ మానస్ 14416కు గాని ఫోను చేయవచ్చు. ఆ రెండు నంబర్లూ పీఠం గోడ మీద రాయించు.

ఇంకొక ప్రమాదం ఇళ్ళల్లో జరుగుతుంది. మనిషికి తెలియకుండా సాంబారులోనో మజ్జిగలోనో ‘మందు మానిపించే మందు’ కలిపి పెట్టమని ఆడవాళ్ళకు సలహా ఇచ్చేవారు ఉంటారు. అందులో డైసల్ఫిరామ్ ఉండి, ఆ సంగతి ఎరగని మనిషి పైన మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు. అది డాక్టరు పర్యవేక్షణలో, రోగి ఒప్పుకొని, తెలిసి వేసుకోవలసిన మాత్ర. భర్తను బాగు చేసుకోవాలన్న ఆరాటంతో చేసే ఈ పనిని తప్పుపట్టకుండా, మెత్తగా చెప్పి ఆపించు.

కర్పూరం ఆర్పించి, బిడ్డ తల మీద చెయ్యి వేయించి జన్మలో తాగనని ప్రమాణం చేయించే పద్ధతి మన దగ్గర బాగా ఉంది. నేనూ చేయించాను, ఇప్పుడు మానేశాను. జన్మంతటి ప్రమాణం ఒక్క గుక్కతో విరిగిపోతుంది, విరిగాక ఆ మనిషి దేవుడి ముందుకు రావడానికి భయపడతాడు, మన కంట పడడానికి సిగ్గుపడతాడు, ఆ భయాన్నీ సిగ్గునూ మరచిపోవడానికి మళ్ళీ తాగుతాడు. ‘ఈ రోజుకు తాగను స్వామీ’ అని ప్రతి ఉదయం చెప్పుకోమను, చాలు. 1935లో అమెరికాలోని అక్రన్ పట్టణంలో తాగుడు మానదలచిన ఇద్దరు కలిసి మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ళు కూడా ఈ ఒక్కరోజు మాటనే పట్టుకున్నారు. దేవుణ్ణి ఎవరికి తెలిసిన రూపంలో వారు తలచుకోవచ్చునన్నారు. తాగితే స్వామి కళ్ళు పోగొడతాడని బెదిరించే పెద్దలు నీ పీఠానికి వస్తే వారిని వినయంగా మాన్పించు.

ఇక నలభై రెండో రోజు సంగతి. శబరిమల నుంచి దిగిన వాణ్ణి ఒంటరిగా ఇంటికి పంపవద్దు. మాల తీసే వేళకు ఇద్దరు పాత స్వాములు పక్కన ఉండాలి, ఆ సాయంత్రం అతని ఇంట్లోనే అందరూ కలిసి పప్పన్నం తినాలి. ఆ తరువాత ప్రతి శనివారం కూలి డబ్బు చేతికందే వేళకే, అంటే ఆరు గంటలకే, భజన పెట్టు. ఏడున్నరకు పెడితే లాభం లేదు, పని చోటు నుంచి ఇంటికి వచ్చే దారిలోనే షాపు ఉంది. ఖాళీ కడుపుతో వస్తారు కాబట్టి రాగానే శనగ గుగ్గిళ్ళు, మజ్జిగ ఇవ్వు. అరగంట భజన, తరువాత గంటసేపు మాటలు. ఎవరినీ బలవంతంగా మాట్లాడించవద్దు. అక్కడ ఒకడు చెప్పుకున్నది రచ్చబండకు చేరిందంటే మరుసటి వారానికి మనిషి రాడు. వాళ్ళ డబ్బు నువ్వు దాచవద్దు, అప్పూ ఇవ్వవద్దు, కూలి నేరుగా భార్య చేతికి చేరేలా అతని చేతనే మేస్త్రికి చెప్పించు. పడిపూజకూ యాత్రకూ అప్పు చేయనివ్వవద్దు. ఆ అప్పు తీర్చలేని బెంగ మళ్ళీ సీసా దగ్గరికే నడిపిస్తుంది.

దీక్షలో ఉండగానే ఎవరైనా తాగితే ఆచారం ప్రకారం మాల తీయక తప్పదు. నలుగురిలో కాకుండా, దీపం దగ్గర కూర్చోబెట్టి నీ చేతులతో తీసి స్వామి పటానికి వేయి. కానీ అతని చాప మాత్రం తీయవద్దు. మా పీఠంలో ఒకడి చాప అలా పదకొండు రాత్రులు ఖాళీగా పరచి ఉంది. పన్నెండో రాత్రి వచ్చి ఏమీ మాట్లాడకుండా దాని మీద పడుకున్నాడు. తెల్లవారి ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు మా శనివారం గుగ్గిళ్ళు వండేది అతనే. అందరి విషయంలోనూ ఇలా జరగలేదు. తిరిగి రానివారు ఉన్నారు, వారి ఇళ్ళకు ఇప్పటికీ వెళ్ళివస్తుంటాను.

ఆడవాళ్ళను మరచిపోవద్దు. 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటున్న తల్లులే సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకొని 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి, 1997లో ఆ సంపూర్ణ నిషేధం సడలింది. అప్పుడు బడిపంతులుగా ఆ తల్లుల వెంట ఊరేగింపుల్లో నడిచాను. దుకాణం మూయించడంలో ఉన్న శ్రద్ధ, దుకాణం మూతపడిన రాత్రి చేతులు వణుకుతూ కూర్చున్న మగవాడి పక్కన కూర్చోవడంలో మాకు లేకపోయింది. ఆ లోటు నువ్వు పూడ్చగలవు. భార్యలకు వేరే గుంపు కావాలి, అది మీ అమ్మ నడిపితే బాగుంటుంది, మా చెల్లెలి దగ్గర ఎవరైనా మనసు విప్పుతారు. కొట్టే భర్తను సర్దుకుపొమ్మని మాత్రం దేవుడి పేరుతో ఎవరూ చెప్పకూడదు. స్వామి అయినా సరే, చెయ్యి చేసుకున్నాడంటే ఆమె ముందు భద్రంగా ఉండే చోటు చూడు, అతని దీక్ష సంగతి తరువాత.

నీ జాబితాలో ఒకరిద్దరు చర్చికి వెళ్ళే కుటుంబాల వారని రాశావు. వారికి మాల వేసే ఆలోచన చేయవద్దు. మీ వీధి పాస్టరుగారిని కలిసి ఈ శనివారం పద్ధతి చెప్పు, వారి కూటంలోనూ అదే వేళకు అలాంటిదే పెట్టమను. మసీదు పెద్దలతోనూ మాట్లాడు. ఇది మనుషులను పంచుకునే పోటీ కాదు.

మండల కాలం నవంబరు నడుమ మొదలవుతుంది, ఇంకా మూడు వారాల వ్యవధి ఉంది. ఈ వారంలోనే ఆ అయిదారుగురినీ ఆసుపత్రికి నువ్వే వెంటబెట్టుకొని వెళ్ళు. పంపిస్తే వెళ్ళరు. మొదటి శనివారానికి నేను వస్తాను. శుక్రవారం రాత్రే రెండు కిలోల శనగలు నానబెట్టమని మీ అమ్మతో చెప్పు.

ఆశీస్సులతో,
మామ