తన కత్తితో తన డీఎన్ఏనే బ్యాక్టీరియా ఎందుకు కోసుకోదు?

అమలాపురం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి అడిగిన ప్రశ్న: డీఎన్ఏని కోసే రెస్ట్రిక్షన్ ఎంజైములు బ్యాక్టీరియా లోపలే ఉంటాయి కదా, మరి దాని సొంత డీఎన్ఏ ముక్కలైపోదా?

ముందు కోత ఎలా పడుతుందో చూద్దాం. మన కోనసీమ ఇళ్ళల్లో ఉండే అడకత్తెర గుర్తుందిగా. ఈ-కోలై అనే బ్యాక్టీరియాలో దొరికిన ఎకో-ఆర్-వన్ అనే రెస్ట్రిక్షన్ ఎంజైము కూడా ఒకేలాంటి రెండు ప్రోటీన్ భాగాల జత. డీఎన్ఏని మధ్యలో పోకచెక్కలా పట్టుకుంటుంది. అయితే అడకత్తెర ఎక్కడ పెడితే అక్కడ కోస్తుంది. ఇది డీఎన్ఏలో జీఏఏటీటీసీ అనే ఆరు రసాయన ‘అక్షరాల’ వరుస కనబడితేనే. ఆ వరుస ఒకరకం ‘వికటకవి’. కాకపోతే డీఎన్ఏ అంటే జంట పోగులు కదా, వెనక్కి చదవాల్సింది అదే పోగును కాదు, ఎదుటి పోగును. అక్కడా జీఏఏటీటీసీయే వస్తుంది. అందుకే రెండు భాగాలూ చెరో పోగునీ జీ, ఏల మధ్య తెంపుతాయి. దానికి మెగ్నీషియం కావాలి. కోత మెట్టులా పడి, చివర్లలో నాలుగేసి అక్షరాలు వేలాడతాయి. జీన్ ఇంజినీరింగ్‌లో ముక్కలు అతికించడానికి పనికొచ్చేది ఈ వేలాడే చివరలే.

ఇక మీ అనుమానం. బ్యాక్టీరియా దగ్గర ఇంకో ఎంజైము ఉంటుంది. అది సొంత డీఎన్ఏలో ఆ వరుస ఉన్న ప్రతిచోటా రెండో ఏ మీద బొట్టు పెట్టినట్టు మిథైల్ గ్రూపు అనే చిన్న రసాయన గుర్తు తగిలిస్తుంది. బొట్టున్నచోట కత్తి కొయ్యదు. బయటినుంచి దూరిన వైరస్ డీఎన్ఏకి ఆ బొట్టుండదు, తెగిపోతుంది. ఒక్కోసారి కత్తికంటే ముందే బొట్టు పడి వైరస్ బతికిపోవడమూ ఉంది!