పిండి ఎక్కడ పట్టించారు?

బాబూ,

నీ నవల రాతప్రతి రెండు రోజుల్లో చదివేశాను. విత్తనాలు చల్లిన పొలంలో వడిసెలతో పిట్టల్ని తోలే పిల్లవాడి పేజీ బాగుంది. మిగతా మంచి మాటలు నీ స్నేహితులు ఎలాగూ చెప్తారు. నాకు మూడో అధ్యాయం దగ్గర కోపం వచ్చింది, దాని గురించే ఈ ఉత్తరం.

1381, ఇంగ్లండ్‌లో ఒక పల్లె. హీరోయిన్ తల్లి పొయ్యి మీద బంగాళాదుంపలు ఉడకబెడుతోంది. బంగాళాదుంప అమెరికా ఖండం పంట. కొలంబస్ అటు వెళ్లిందే 1492లో. మన మిరపకాయ కూడా ఆ తర్వాత అటునుంచే మనదాకా వచ్చింది. దుంప తీసేసి కాబేజీ అని రాస్తే తప్పు దిద్దినట్టే అనుకుంటావేమో. ఆ తల్లి ఏం తిని బతుకుతుందో నువ్వు ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు, నా బాధంతా అక్కడుంది. అదే అధ్యాయంలో నైట్ అనే గుర్రపు యోధుడు తొడుక్కున్న ఇనుప కవచానికి పేజీన్నర ఇచ్చావు. ఓటీటీ సిరీస్‌లు వచ్చాక కోట, కత్తి, బురద ఉంటే మధ్యయుగం అయిపోయిందనుకుంటున్నారు. పత్రికలవాళ్లూ అదే అడుగుతున్నారు. నువ్వు ఆ దారిన పోకు.

ఆమె తినేది బఠాణీలు, చిక్కుడు గింజలు, కాబేజీ, ఉల్లికాడలు వేసి కాచిన చిక్కటి జావ. దాంతోపాటు బార్లీదో, రై అనే ధాన్యందో నల్లటి రొట్టె. తెల్లటి గోధుమ రొట్టె ప్రభువు, అంటే ఆ ఊరి భూస్వామి, భోజనాల బల్ల మీదికి పోతుంది. రొట్టె రంగు చూస్తే మనిషి ఏ మెట్టు మీద ఉన్నాడో తెలిసిపోయేది. నేనైతే ఇంకో అడుగు వెనక్కి వెళ్తాను. ఆ పిండి ఎక్కడ పట్టించారు? నలభై ఏళ్లుగా నా దగ్గరికొచ్చిన ప్రతివాళ్లనీ ఇదే అడుగుతున్నాను. ప్రార్థించేవాళ్లు, పోరాడేవాళ్లు, పనిచేసేవాళ్లు అని ఆనాటి మతపెద్దలు సమాజాన్ని మూడు ముక్కలు చేశారు. నువ్వు దాన్ని ముందుమాటలో అలాగే దించేశావు. ఆ మూడు ముక్కలూ ఒకదాన్నొకటి ఒరుసుకునేది పిండిమర దగ్గర.

విలెయిన్ అనే కట్టురైతు తన గింజల్ని ప్రభువు మరలోనే పట్టించాలి. పట్టించినందుకు అందులో కొంత వంతు అక్కడే వదిలి రావాలి. ఇంట్లో తిరగలి పెట్టుకుని విసురుకుంటే నేరం, జరిమానా. (మన సినిమాల్లో విలన్ అంటామే, ఆ మాట ఈ విలెయిన్ నుంచే వచ్చింది. పొలం దున్నేవాడి పేరే దుర్మార్గుడి పేరయింది.)

సెయింట్ ఆల్బన్స్ అని లండన్‌కి ఉత్తరాన ఒక ఊరు. అక్కడ ప్రభువు అంటే మఠమే. 1331 ప్రాంతంలో మఠాధిపతి రిచర్డ్ ఆఫ్ వాలింగ్‌ఫర్డ్ జనం ఇళ్లలోని తిరగళ్లన్నీ లాగేసుకుని, ఆ రాళ్లని మఠంలో ఒక గది నేలకి పరిపించాడు. వాళ్ల తిరగళ్ల మీద సన్యాసులు యాభై ఏళ్లు నడిచారు. 1381 జూన్‌లో తలపన్ను మీద తిరుగుబాటు లేచినప్పుడు, ఆ ఊరి జనం లోపలికి దూరి రాళ్లని పెకలించి ముక్కలు చేశారు. ఆదివారం చర్చిలో దీవించిన రొట్టె పంచుకున్నట్టు తలో ముక్కా పంచుకుని ఇళ్లకి తీసుకెళ్లారు. ఇది రాసిపెట్టింది తిరుగుబాటుదారులంటే గిట్టని ఆ మఠం సన్యాసే, థామస్ వాల్సింగ్‌హామ్. నువ్వు సరిగ్గా అదే ఏడాది ఎంచుకుని, నైట్ కొడుకు గుర్రప్పందెం రాశావు!

ఇంకోటి. ఆ రాళ్లు లాక్కున్న రిచర్డ్ కమ్మరి కొడుకు. చిన్నప్పుడే తండ్రి పోతే ఒక మఠం పెద్ద చేరదీసి ఆక్స్‌ఫర్డ్‌లో చదివించాడు. కుష్ఠు పట్టిన ఒంటితోనే గ్రహగతులు చూపించే గొప్ప గడియారం పని మొదలుపెట్టించాడు. నీ నవల్లో పైవాళ్లంతా దుర్మార్గులుగానే పుట్టారు. కమ్మరి ఇంట్లో పుట్టినవాడు ఆడవాళ్ల చేతుల్లోంచి తిరగలి లాక్కునేదాకా ఎలా వచ్చాడో రాయగలవా? నీకు ఆ చెయ్యి ఉంది.

నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు ఒక వారపత్రికకి కథ పంపాను. తెల్లవారుజామున మా అమ్మా, పక్కింటామే ఎదురెదురుగా కూర్చుని ఇసుర్రాయి తిప్పడం అందులో రెండు పేజీలుంటుంది. మా వైపు తిరగలిని ఇసుర్రాయి అంటాం. పైరాయి కంతలో పిడికెడు జొన్నలు పోస్తే చుట్టూ పిండి రాలేది. పిడి ఒరుసుకుని అమ్మ అరచేతిలో కాయ కాసిన చోటు నేను వేలితో తడిమేదాన్ని. సంపాదకుడు ఆ రెండు పేజీలూ కొట్టేసి, ‘వంటింటి గొడవ ఎవరు చదువుతారమ్మా, దొర గడీ వర్ణన పెంచండి’ అని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపాడు. పెంచాను. అచ్చయింది. అమ్మకి చదివి వినిపిస్తే అంతా విని, ‘ఇందుల మనం లేం గద బిడ్డా’ అంది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆ కథని నేను ఏ సంపుటిలోనూ వేయలేదు.

‘సామాన్యుల జీవితాలకు ఆధారాలు లేవు’ అని రాశావు చూడు, ఆ వాక్యం ఈరోజే కొట్టెయ్. మేనర్ కోర్టుల, అంటే ప్రభువుల ఎస్టేటు కోర్టుల, చిట్టాలు తోలు చుట్టల మీద లాటిన్‌లో కుప్పలుగా ఉన్నాయి. ఏల్ అనే బీరు కాచి అమ్మినందుకు ఏ ఆడమనిషి ఎంత కట్టింది, కూతురి పెళ్లికి అనుమతి కోసం ఏ తండ్రి ప్రభువుకి ఎంత చెల్లించాడు, రైతు చచ్చిపోతే వాడి కొట్టంలో మేలైన పశువుని ఎవరు తోలుకెళ్లారు, అన్నీ పేర్లతో సహా ఉన్నాయి. వెట్టి ఎగ్గొట్టినవాళ్ల పేర్లూ ఉన్నాయి. 1381లో చాలా ఊళ్లలో జనం తగలబెట్టింది ఈ చిట్టాల్నే. నీ హీరోయిన్‌కి పెళ్లి కుదిరిందన్నావు. ఆ రుసుము ఎవరు కట్టారు?

ప్రచురణకర్తల గురించీ, కలం పేరు గురించీ అడిగావు. వాటికి ఇప్పుడు తొందరేం లేదు.

ముందు మూడో అధ్యాయం మళ్లీ రాయి. ఆ తల్లి గింజల మూట భుజాన వేసుకుని ప్రభువు మరకి వెళ్తుందా, గడ్డి కింద తిరగలి దాచుకుందా, అది తేల్చుకో. దాచుకుంటే రాత్రిపూటే తిప్పాలి. ఇసుర్రాయి చప్పుడు గోడ అవతలికి వినిపిస్తుంది, నాకు తెలుసు. ఆ పక్కింట్లో ఎవరుంటారో రాసి పంపు.